మా లిస్టులో సగం ఊళ్లు కొట్టేసిన ట్రిప్ ప్లానర్ గురించి

మొన్న డిసెంబరులో మా కుటుంబం చేసిన యాత్రకి ప్లాన్ వేసిచ్చిన ఒకావిడ పని గురించి రాస్తున్నాను. ఆవిడ హైదరాబాద్‌లో ఉంటారు, ఒక్కరే చేసుకుంటారు. ఆఫీసు లేదు, బోర్డు లేదు. నెలకి ఐదారు కుటుంబాలకి మించి ఒప్పుకోరు. ఫోన్లు ఎక్కువైతే చేసే పని చెడుతుందని, పేరూ నంబరూ ఎక్కడా పెట్టొద్దని ముందే అడిగారు. ఆ మాట నిలబెట్టుకుంటున్నాను. అయినా రాయడానికి కారణం ఉంది. ప్లానర్ అంటే టికెట్లు, హోటళ్లు చూసిపెట్టేవాళ్లని నేను అనుకునేదాన్ని. ఆ పనికి అసలు విలువ ఇంకోచోట ఉందని ఈసారి తెలిసింది. మీరు ఎవరితో ప్లాన్ వేయించుకున్నా ఇది పనికొస్తుంది.

ముందు మా సంగతి. మాది కాకినాడ. నేను, మావారు, 76 ఏళ్ల మా అమ్మ. మా తమ్ముడు, మరదలు, వాళ్ల ఇద్దరు పిల్లలు డల్లాస్ నుంచి క్రిస్మస్ సెలవులకి వస్తున్నారు. మేనల్లుడికి 17, మేనకోడలికి 10. ఇద్దరూ అక్కడే పుట్టారు. ఇండియా అంటే వాళ్లకి ఇప్పటిదాకా కాకినాడ, హైదరాబాద్, రెండు పెళ్లిళ్లు, అంతే. ఈసారి రెండు వారాలు దేశం చూపిద్దాం అక్కా అన్నాడు తమ్ముడు. ఆగస్టులో వాట్సాప్ గ్రూపు పెట్టి ఎవరికి ఏం కావాలో రాయమన్నాం. అమ్మ కాశీ అంది. మరదలు రాజస్థాన్ అంది, ఉదయ్‌పూర్ కూడా ఉండాలంది. తమ్ముడికి కేరళ పడవల్లో రెండు రోజులు పడుకోవాలి. మేనల్లుడికి లదాఖ్. నాకు చిన్నప్పటి నుంచీ తాజ్‌మహల్. అమృత్‌సర్ ఎవరు కలిపారో గుర్తులేదు కానీ దానికి అందరూ లైకులు కొట్టారు.

మేనకోడలి లిస్టు మాత్రం వేరే. పోయినసారి వచ్చినప్పుడు వాళ్ల నానమ్మ ఇచ్చిన నోట్లు దాచుకుంది. వాటి వెనక ఉన్న బొమ్మలన్నీ చూడాలంది. పది రూపాయల మీద కోణార్క్ చక్రం, ఇరవై మీద ఎల్లోరా, యాభై మీద హంపి రథం, వంద మీద గుజరాత్ పాటన్‌లోని రాణీ కీ వావ్, రెండొందల మీద సాంచీ స్తూపం, ఐదొందల మీద ఎర్రకోట. రోజూ చేత్తో ముట్టుకుంటున్నా ఈ వరస నాకు తెలియదు. ఆ పిల్ల చెప్తే పర్సు తీసి చూసుకున్నాను.

ఈ లిస్టు పట్టుకుని మొదట ఒక టూర్ కంపెనీకి వెళ్లాం. పేరు అనవసరం. రెండు రోజుల్లో రంగురంగుల ఫైలు పంపారు. 11 రోజుల్లో 8 ఊళ్లు, 5 విమానాలు. మేం అడిగినవి దాదాపు అన్నీ ఉన్నాయి, లదాఖ్ తప్ప. సంబరపడి 20,000 అడ్వాన్సు కట్టేశాం. పదిరోజుల తర్వాత ఆఫీసులో మా కొలీగ్‌కి చూపిస్తే ఆవిడ తేదీల పక్కన వారాలు రాసుకుంటూ వెళ్లి, ఒకచోట ఆగింది. "నాలుగో రోజు తాజ్‌మహల్ అన్నారు, అది శుక్రవారం కదా" అంది. తాజ్‌మహల్ శుక్రవారం మూసేస్తారు. ఇది కొత్త రూలేం కాదు, దేశంలో టూర్లు వేసేవాళ్లందరికీ తెలిసి తీరాల్సిన సంగతి. ఫోన్ చేస్తే "అడ్జస్ట్ చేస్తాం మేడమ్" అన్నారు. చేసిందేమిటంటే ఫైల్లో తాజ్‌మహల్‌ని ఒకరోజు ముందుకి జరిపారు, ఆగ్రా హోటల్ తేదీ అలాగే ఉంచారు. అంటే జైపూర్‌లో పడుకుని ఆగ్రాలో తాజ్‌మహల్ చూడాలి. ఆ రాత్రే వద్దనుకున్నాం. అడ్వాన్సులో 12,000 వెనక్కి రావడానికి రెండు నెలలు పట్టింది. మిగతాది రాలేదు.

ఆ కొలీగే ఈవిడ నంబరు ఇచ్చింది. ఫీజు 7,500 రూపాయలు. ప్లాన్ మాత్రమే ఇస్తారు. టికెట్లు, రూములు మనమే బుక్ చేసుకోవాలి. హోటళ్ల దగ్గర కమీషన్ తీసుకోరు. ఆ మాట మొదటి ఫోన్లోనే చెప్పారు. వట్టి ప్లాన్‌కి అంత డబ్బా అని మావారు అన్నారు. నాకూ అనిపించింది.

లిస్టు పంపించగానే ప్లాన్ వస్తుందనుకుంటే రెండు పేజీల ప్రశ్నలు వచ్చాయి. వాటిలో కొన్ని ఇప్పటికీ గుర్తున్నాయి. మీ అమ్మగారు ఆగకుండా ఎన్ని మెట్లు ఎక్కగలరు? దిగడం కష్టమా, ఎక్కడం కష్టమా? రాత్రి ఎన్నిసార్లు లేస్తారు? పొద్దున్న టిఫిన్ ఆలస్యమైతే ఎవరికి చికాకు? అమెరికా నుంచి వచ్చాక పిల్లలకి నిద్ర కుదుటపడటానికి పోయినసారి ఎన్ని రోజులు పట్టింది? చివర ఒక ప్రశ్నకి మాత్రం ఒకరి జవాబు ఒకరికి చూపించకుండా ఎవరికి వాళ్లు నేరుగా తనకే పంపాలన్నారు: ఈ రెండు వారాల్లో ఒక్కటే దొరుకుతుందంటే ఏది కావాలి?

అమ్మకి టైప్ చేయడం రాదు కాబట్టి తన జవాబు నేనే రాశాను. "కాశీలో తొమ్మిది నిద్రలు" అంది. ఇన్నాళ్లుగా మాట్లాడుకుంటున్నాం, తొమ్మిది నిద్రల మాట ఎప్పుడూ ఎత్తలేదు. అదేమిటమ్మా చెప్పలేదు అంటే, "మీకున్నదే రెండు వారాలు, అందులో తొమ్మిది రోజులు నాకెవరిస్తారే" అంది. తమ్ముడు ఏం రాశాడో తర్వాత ఆవిడ చెప్తే తెలిసింది. కేరళ అని రాస్తాడనుకున్నాను. "అమ్మతో నాలుగు రోజులు, ఎక్కడైనా పర్లేదు" అని రాశాడట.

ఆ తర్వాత ఆవిడ మమ్మల్నందరినీ వీడియో కాల్‌లో కూర్చోబెట్టి ఒక్కొక్కటీ కొట్టేయడం మొదలుపెట్టారు. లదాఖ్ ముందు పోయింది. డిసెంబరు ఆఖరున లేహ్‌లో రాత్రి ఉష్ణోగ్రత సున్నాకి పది డిగ్రీల కింద దాకా పోతుంది, ఎత్తుకి ఒళ్లు అలవాటు పడటానికే రెండు రోజులు గదిలో ఉండాలి, అది వేసవిలో విడిగా పెట్టుకోండి అన్నారు. మేనల్లుడు మొహం ముడుచుకుని కెమెరా ఆపేశాడు. అమృత్‌సర్ పోయింది. ఉదయ్‌పూర్ పోయింది. కేరళ పోయేటప్పుడు మా తమ్ముడు కాస్త వాదించాడు. ఆవిడ ఓపిగ్గా చెప్పారు: "జైపూర్ నుంచి కొచ్చి అంటే పటంలో ఒక గీత, మీకు మాత్రం ఒక రోజు. పెట్టె సర్దడం, ఎయిర్‌పోర్టు, విమానం మారడం, మళ్లీ పెట్టె విప్పడం. అలాంటి రోజులు మీ లిస్టులో ఆరున్నాయి. రెండు వారాల్లో ఆరు రోజులు మీరు ఇండియాలో ఉండరు, దారిలో ఉంటారు."

ఆ లెక్క టూర్ కంపెనీ మాకు చెప్పలేదు. మేమూ వేసుకోలేదు. ఇంత పెద్ద దేశంలో పుట్టి పెరిగినా, దాని పొడవూ వెడల్పూ మనకి ఒంటికి తెలియవు. మనం తిరిగేది మన రాష్ట్రం, పక్క రాష్ట్రం. మిగతాదంతా స్కూలు గోడ మీది పటమే.

తొమ్మిది నిద్రల దగ్గరికి వచ్చేసరికి నేను ఊపిరి బిగబట్టాను. ఆవిడ తెలుగావిడే కాబట్టి అదేమిటో వివరించాల్సిన పని లేదు. "అందరూ కలిసే తిరగాలని ఏముందండీ" అన్నారు. మొదటి నాలుగు రాత్రులూ అందరూ కాశీలోనే. ఆ తర్వాత మావారు అమ్మతోపాటు కాశీలో ఉండిపోతారు, తొమ్మిదో నిద్ర అయ్యాక ఇద్దరూ నేరుగా హైదరాబాద్ వచ్చేస్తారు. ఈలోగా మేం ఐదుగురం ఆగ్రా, జైపూర్, ఢిల్లీ చూసుకుని వస్తాం. మావారికి గుళ్లూ గోపురాల కన్నా పొద్దున పేపరూ, సాయంత్రం నడకా ఉంటే చాలు. ఆయన వెంటనే ఒప్పుకున్నారు. అమ్మ కళ్లు తుడుచుకుంది. ఒక్క వాక్యంతో మూడు నెలల టెన్షన్ తీరిపోయింది. ఆ 7,500 నా లెక్కలో అప్పుడే చెల్లిపోయింది.

ఇక డిసెంబరు సంగతి. ఎన్నారై కుటుంబాలు ఎక్కువగా వచ్చేది అప్పుడే, కాబట్టి ఇది వివరంగా రాస్తాను. డిసెంబరు మూడో వారం నుంచి జనవరి దాకా ఉత్తరాదిలో, గంగా యమునా మైదానం మొత్తం, అర్ధరాత్రి నుంచి పొద్దున పది దాకా దట్టమైన పొగమంచు పడుతుంది. రైళ్లు గంటల తరబడి ఆలస్యమవుతాయి, పొద్దుటి విమానాలు ఆగిపోతాయి. టూర్ కంపెనీ ఫైల్లో ఢిల్లీ నుంచి తెల్లవారి ఆరుంపావుకి ఒక విమానం ఉంది. ఈవిడ ప్లాన్‌లో పదకొండు ముందు ఏ ప్రయాణమూ లేదు. ఒక్కటీ లేదు. కాశీ నుంచి ఆగ్రాకి వందే భారత్ రాయించారు. అది మధ్యాహ్నం మూడు దాటాక బయల్దేరుతుంది, ఏడు గంటల ప్రయాణం. రైలు టికెట్లు 2024 నవంబరు నుంచి 60 రోజుల ముందే తెరుస్తున్నారు, అంతకు ముందు 120 రోజులుండేది. ఏ తారీఖు పొద్దున్న 8 గంటలకి కూర్చోవాలో ఆవిడ రాసిచ్చారు. ఆ పొద్దున్న నేనూ కాకినాడలో, తమ్ముడు డల్లాస్‌లో రాత్రిపూట, రెండు చోట్ల నుంచీ ప్రయత్నించాం. నాకే దొరికాయి.

డిసెంబరు 20, శనివారం, హైదరాబాద్ నుంచి నేరుగా వారణాసి విమానం. కేదార్ ఘాట్ వైపు తెలుగువాళ్ల సత్రాలు, ఆశ్రమాలు ఉన్నాయి. అమ్మకీ మావారికీ అక్కడే గది. మాకు అదే సందు చివర గెస్ట్‌హౌస్‌లో. కారు సందు మొదట్లోనే ఆగిపోతుంది, 350 అడుగులు నడవాలి, మధ్యలో 14 మెట్లు ఉన్నాయి, పట్టుకోవడానికి కుడివైపు గోడ ఉంది అని ప్లాన్‌లో రాసి ఉంది. లెక్కపెట్టాను. సరిగ్గా 14. ఆ కుడివైపు గోడ పట్టుకునే అమ్మ తొమ్మిది రోజులూ ఎక్కీ దిగీ చేసింది.

పడవ ఎక్కేటప్పుడు పడవవాడు అమ్మ చెయ్యి పట్టుకుని "మెల్లగా అమ్మా, మెట్టు జారుద్ది" అన్నాడు తెలుగులో. మేనల్లుడు తిరిగి చూశాడు. అతనిది ఆ ఊరే, తండ్రీ తాతా పడవలు నడిపినవాళ్లే. తెలుగు యాత్రికుల దగ్గర నేర్చుకున్నానన్నాడు. తమిళం, బెంగాలీ కూడా కొంచెం వచ్చట. మావాడు ఆ నాలుగు రోజులూ రోజుకి ఒకసారి వెళ్లి అతని పక్కన కూర్చుని వచ్చేవాడు. లదాఖ్ మాట మళ్లీ ఎత్తలేదు.

కాశీకి వెళ్తే కాయో పండో వదిలేసి రావాలంటారు కదా. అమ్మ సీతాఫలం వదిలింది. తనకి ప్రాణం అది. నేను పొట్లకాయ వదలబోతే, "ఇష్టం లేనిది వదిలితే లెక్కలోకి రాదే" అని ఊరుకోలేదు. చివరికి పనసపండు వదిలాను. మా తమ్ముడు, "నేను కేరళ వదిలి వచ్చాను, చాలదా?" అన్నాడు. అమ్మ ఒప్పుకోలేదు. వాడు సపోటా వదిలాడు.

నాలుగో రోజు, మంగళవారం, సారనాథ్. కాశీకి పది కిలోమీటర్లు. ప్లాన్‌లో ఆ రోజు కింద "ఇది పాపకి. ఎందుకో తనే చెప్తుంది" అని ఒక్క వాక్యం ఉంది. నాకు అర్థం కాలేదు. సారనాథ్ ఏ నోటు మీదా లేదు కదా, పొరపాటున రాశారేమో అనుకున్నాను. మ్యూజియంలోకి అడుగుపెట్టగానే ఎదురుగా నాలుగు సింహాల అశోక స్తంభ శీర్షం. నకలు అనుకునేరు, 1905 ప్రాంతంలో అక్కడి తవ్వకాల్లో దొరికిన అసలు రాయే. రెండు వేల రెండొందల ఏళ్ల నాటిది, అద్దంలా మెరుస్తోంది. మేనకోడలు దాని చుట్టూ తిరిగి, ఆగి, చిన్న పర్సు తీసింది. యాభై నోటు, వంద నోటు, ఐదొందల నోటు వరసగా విప్పి, ముందువైపు కుడి మూలకి వేలు పెట్టి, "అత్తా, ఇది అన్నిటి మీదా ఉంది!" అంది. గొంతు వణికింది ఆ పిల్లకి. 1950 జనవరి 26 నుంచి ఇదే మన దేశ చిహ్నమని వాళ్ల నాన్న చెప్పాడు. నోటు మీద మూడు సింహాలే కనిపిస్తాయి, నాలుగోది వెనక ఉంటుంది. ఆ నాలుగో దాన్ని చూడటానికి వెనక్కి వెళ్లి అక్కడే చాలాసేపు నిలబడింది. ఒక పదేళ్ల పిల్ల లిస్టుని ముచ్చట పడి పక్కన పెట్టేయకుండా, అందులో ఆ పిల్లకి కూడా తెలియనిదాన్ని వెతికి ఇచ్చిన మనిషి పనికి ఎన్ని స్టార్లు వేయాలో నాకు తెలియదు. మీరు వెళ్లేటట్టయితే గుర్తుపెట్టుకోండి, సారనాథ్ మ్యూజియం కూడా శుక్రవారమే సెలవు.

ఆగ్రాకి రైలు అర్ధరాత్రి దాటాక చేరింది, మంచు వల్ల. హోటల్ వాళ్లకి ఆలస్యంగా వస్తామని ముందే చెప్పి పెట్టమని ప్లాన్‌లో ఉంది కాబట్టి వేడి పాలూ రొట్టే సిద్ధంగా ఉన్నాయి. మర్నాడు క్రిస్మస్, గురువారం. తాజ్‌మహల్‌ని సూర్యోదయానికే చూడాలని ఎక్కడ చదివినా రాసి ఉంటుంది. ఈవిడ మధ్యాహ్నం ఒంటిగంటకి వెళ్లమన్నారు. పొద్దున ఏడింటికి హోటల్ డాబా ఎక్కి చూశాను. తెల్లటి దూది తప్ప ఏమీ లేదు. పక్క గదివాళ్లు తెల్లవారకముందే వెళ్లి, గుమ్మటం కూడా కనపడలేదని తిరిగొచ్చి టీ తాగుతున్నారు. పన్నెండు దాటాక మంచు పైనుంచి కిందికి విడిపోవడం మొదలైంది. ముందు గుమ్మటం మొన, తర్వాత మినార్లు.

టికెట్ సంగతి చెప్పాలి. భారతీయులకి 50 రూపాయలు, లోపల సమాధి దగ్గరికి వెళ్లాలంటే ఇంకో 200. విదేశీయులకి 1,100. పదిహేనేళ్లలోపు పిల్లలకి ఉచితం, కాబట్టి మేనకోడలికి టికెట్ లేదు. మేనల్లుడు అమెరికా పౌరుడు, 17 ఏళ్లు, 1,100 కట్టాలేమో అనుకున్నాం. ఓసీఐ కార్డు (విదేశీ పౌరసత్వం ఉన్న భారత సంతతివాళ్లకి మన ప్రభుత్వం ఇచ్చేది) ఉన్నవాళ్లకి ఇలాంటి కట్టడాల దగ్గర భారతీయుల టికెట్టే. చాలామంది ఎన్నారైలకి ఇది తెలియదు. ఒరిజినల్ కార్డు జేబులో ఉండాలని ప్లాన్‌లో ఎర్ర అక్షరాలతో రాశారు. గేటు దగ్గర అడిగారు, చూపించాం.

లోపలికి వెళ్లాక నేను ఏమీ మాట్లాడలేకపోయాను. యాభై మూడేళ్లు ఆగాను దీని కోసం. దూరం నుంచి ఫోటోల్లో చూసినదే కనిపిస్తుంది. దగ్గరికి వెళ్లాక గోడ మీద పాలరాతిలో పొదిగిన పువ్వులు చూడండి. ఒక పువ్వులో ఎర్రటి కార్నీలియన్ రేకు మీద గైడ్ ఫోన్ లైటు పెట్టాడు. రాయి లోపల్నుంచి వెలిగింది, నిప్పుకణికలా. పక్కనున్న ఆకుపచ్చ రాయి మీద పెడితే వెలగలేదు. వేలితో తడిమితే రాయికీ రాయికీ మధ్య అతుకు తగల్లేదు. మా ఐదుగురం ఆ ఒక్క పువ్వు దగ్గర పావుగంట ఉన్నాం. టికెట్ మూడు గంటలకే చెల్లుతుంది, మాకు సరిపోయింది.

శుక్రవారం ఆగ్రా కోట చూసి, దారిలో ఫతేపూర్ సిక్రీలో రెండు గంటలు ఆగి, రాత్రికి జైపూర్. కారు మాట్లాడుకునేటప్పుడు టోల్, పార్కింగ్, రాష్ట్ర పన్ను, డ్రైవర్ బత్తా అన్నీ కలిపి ఎంతో మెసేజిలో రాయించుకోమన్నారు. అలాగే చేశాం, ఎక్కడా పేచీ రాలేదు.

జైపూర్‌లో మేనల్లుడి రోజు వచ్చింది. జంతర్ మంతర్‌లో సమ్రాట్ యంత్రం అని 27 మీటర్ల ఎత్తున్న నీడ గడియారం ఉంది. సవాయీ జైసింగ్ కట్టించాడు. రెండు సెకన్ల తేడాని కూడా పట్టి చూపిస్తుంది. దాని నీడ అంచు సెకనుకి ఒక మిల్లీమీటరు చొప్పున జరుగుతుంటుంది. రాతి మీది గీత పక్కన వేలు పెట్టి కూర్చుంటే నీడ గోరు దాటిపోవడం కళ్లారా చూడొచ్చు. వాడు ఫోన్ తీసి చూశాడు. నీడకీ ఫోన్‌కీ అరగంట దాకా తేడా ఉంది. గడియారం తప్పన్నాడు. గైడ్ నవ్వి చెప్పాడు: దేశమంతటికీ ఒకే టైము, అది 82.5 డిగ్రీల రేఖాంశం మీద లెక్క. జైపూర్ దాదాపు 75.8 దగ్గరుంది. డిగ్రీకి నాలుగు నిమిషాలు. వాడే గుణించుకుని 27 నిమిషాలన్నాడు. మిగిలిన నిమిషమో రెండో ఏడాదిలో రోజుని బట్టి వచ్చే తేడా అట. ఆ 82.5 రేఖ ఎక్కడుందో ఫోన్‌లో పటం తీసి పైనుంచి కిందికి చూసుకుంటూ వచ్చి, "అత్తా, ఇది కాశీ దగ్గర్నుంచి మొదలుపెడితే మీ ఇంటి దగ్గరికే వస్తోంది" అన్నాడు. నిజమే, కాకినాడ పక్కనుంచే పోతుంది. వందలసార్లు విన్నాను ఆ మాట, అర్థమైంది ఆ నీడ దగ్గరే. ఈ దేశం ఎంత పెద్దదో ఆ రోజు మావాడు నిమిషాల్లో కొలిచాడు.

తప్పులు కూడా చెప్పాలి. ఆదివారం రోజు ఆమేర్ కోట పెట్టడం పొరపాటు. సంవత్సరాంతపు ఆదివారం, జైపూర్ మొత్తం ఆ రోడ్డు మీదే ఉంది. పదకొండు కిలోమీటర్లకి రెండుంపావు గంటలు పట్టింది. కోట లోపల తోసుకుంటూ నడిచాం, శీష్ మహల్ ముందు పిల్లని ఎత్తుకుంటే గానీ కనపడలేదు. మరదలు ఎంతో ఆశ పెట్టుకున్న రోజు అది. తన ముఖం చూస్తే బాధేసింది. శని, ఆదివారాలు తారుమారు చేసి, కోట శనివారం పొద్దున్నే పెట్టి ఉంటే కొంత నయంగా ఉండేది. రాత్రి ఫోన్ చేసి చెప్తే ఆవిడ సాకులు చెప్పలేదు, "నాది తప్పే, నోట్ చేసుకుంటాను" అన్నారు. మరదలికి మర్నాడు బయల్దేరే ముందు బాపూ బజార్‌లో రెండు గంటలు కుదిర్చారు. రెండో విషయం, ఆవిడ రాత్రి ఏడు తర్వాతే ఫోన్ ఎత్తుతారు. పగలు ఏదైనా వస్తే మనమే చూసుకోవాలి. కాశీలో అమ్మకి జలుబు చేసి దగ్గు పట్టినప్పుడు దగ్గర్లో డాక్టర్ ఎవరో ప్లాన్‌లో లేదు. సత్రం మేనేజర్ గారే తీసుకెళ్లారు. ముసలివాళ్లున్న ప్లాన్‌లో ఆ ఒక్క లైను తప్పకుండా ఉండాలి. అది గట్టిగానే చెప్పాను ఆవిడకి.

ఢిల్లీకి సోమవారం చేరాం. సోమవారం ఎర్రకోట ఉండదు, లోటస్ టెంపుల్ ఉండదు, అక్షర్‌ధామ్ ఉండదు. అందుకే ఆ రోజంతా ప్రయాణానికే వాడేశారు. మంగళవారం ఎర్రకోట. ఐదొందల నోటు ఎత్తి పట్టుకుని, కోట ముందు ఎక్కడ నిలబడితే రెండూ సరిపోతాయో వెతుక్కుంటూ మేనకోడలు మమ్మల్ని చాలాసేపు నడిపించింది. డిసెంబరు ఢిల్లీ గాలికి గొంతు మండుతుంది, మాస్కులు పెట్టుకున్నాం. రెండు రాత్రులకి మించి ఇవ్వకపోవడం మంచిదైంది. 31 మధ్యాహ్నం విమానానికి హైదరాబాద్. అమ్మ అప్పటికే మా పిన్ని ఇంట్లో ఉంది, తొమ్మిది నిద్రలూ చేసి. ముఖం తేటగా ఉంది.

హంపి జనవరి 2న, హైదరాబాద్ నుంచి కారులో. రాష్ట్రం దాటగానే మేనకోడలు కిటికీలోంచి బోర్డులు చదవడం మొదలెట్టింది. డల్లాస్‌లో ఆదివారం తెలుగు బడికి వెళ్తుంది, అక్షరాలు వచ్చు. "హొస-పే-టె" అని కూడబలుక్కుని, "ఇది తెలుగే కదా, కొంచెం వేరేగా రాశారు" అంది. కన్నడం అని చెప్తే నమ్మలేదు. ఢిల్లీలో, జైపూర్‌లో ఒక్క బోర్డూ చదవలేకపోయిన పిల్ల ఇక్కడ పక్క భాషని సగం చదివేస్తోంది. నోటు వెనక ఉన్న 15 భాషల పట్టీ తీసి చూపించాను. కింది నుంచి రెండోది తెలుగు. కన్నడం పైనుంచి నాలుగోది. రెండిటి మీదా వేలు పెట్టి పోల్చుకుంటూ విఠలాలయం దాకా వచ్చింది.

రథం దగ్గర చుట్టూ కట్టిన కంచె అవతలే నిలబడాలి. యాభై నోటు ఎత్తి పట్టుకుని ఒక కన్ను మూసి, నోటులోని చక్రాన్ని రాతి చక్రం మీద సరిగ్గా కూర్చోబెట్టే దాకా కదల్లేదు. కుదిరాక నన్ను పిలిచి, తన స్థానంలో నిలబెట్టి, చెయ్యి పట్టుకుని నోటు సరిచేసింది.

ఐదో తారీఖు రాత్రి వాళ్ల విమానం. పెట్టెలు సర్దాక, ఐదొందలు, యాభై నానమ్మకిచ్చేసి, మిగిలిన నాలుగు నోట్లూ కవరులో పెట్టుకుంది. ఎయిర్‌పోర్టుకి వెళ్తూ ప్లానర్ గారికి నా ఫోన్ నుంచే మెసేజి పెట్టింది, వచ్చేసారి పది, ఇరవై చూస్తానని. రాత్రి ఏడున్నరకి జవాబు వచ్చింది: "ఒకటి ఒడిశాలో, ఒకటి మహారాష్ట్రలో అమ్మా. రెండిట్లో ఒకటి చెప్పు."